రాతిలో కప్ప

1957 జనవరి 9, బుధవారం. ఆళ్లగడ్డ.

ఈ నోటుపుస్తకం ముందు వైపు విగ్రహాల కొలతలున్నాయి. వెనుక వైపు ఖాళీ, అందుకే తిరగేసి ఇటు నుంచి మొదలుపెట్టాను. ఎవరికీ చూపించడానికి కాదు. నా భార్య సుగుణమ్మకు చదువు రాదు. తమ్ముడు మోనప్పకు ఇప్పుడు చదివే స్థిమితం లేదు. లోపల పెట్టుకుంటే నాకు అన్నం సహించడం లేదు.

మోనప్పకు పిచ్చి పట్టిందని వీధిలో అంటున్నారు. అనేవాళ్ల నోళ్లు పడిపోను. వాడికి పిచ్చేమీ లేదు. చెవి ఎక్కువైంది, అంతే.

మా శిల్పుల పనిలో ఉలి కంటే ముందు చెవి. బండను సుత్తితో తట్టి వినాలి. గంటలా మోగితే దేవుడికి పనికొస్తుంది. పగిలిన కుండలా పలికితే మెట్టుకో రోలుకో ఇచ్చేయాలి. మా నాయన పోయే ముందు ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని, "మీ ఇద్దర్లో చెవి చిన్నోనిదిరా" అన్నాడు. నేను వాడికంటే పదకొండేళ్లు పెద్ద. అక్కడే కూర్చుని విన్నాను. సరే, పోనీ.

దీపావళి తర్వాత వాడు రాళ్లు తనతో మాట్లాడుతున్నాయన్నాడు. మేము సంతోషించాం. నిజమే రాస్తున్నాను, సంతోషించాం. వీధిలో పెద్దవాడు కాళప్ప మామ వచ్చి వాడి నెత్తిన చేయి పెట్టి, "నూరేండ్లకు ఒకనికి వస్తాదిరా ఇట్లాంటి చెవి" అన్నాడు. సుగుణమ్మ ఆ రోజు పాయసం చేసింది. విగ్రహాల కోసం వచ్చినవాళ్లకు నేనే గొప్పగా చెప్పుకున్నాను, మా తమ్ముడితో రాయి మాట్లాడుతుందని.

ఇప్పుడు రాళ్లు తిడుతున్నాయంటున్నాడు.

జనవరి 12

అన్నం ముట్టలేదు. "ఏందిరా తినవా" అంటే, "గడప చెప్పిందన్నా, సున్నం కలిపినారని" అన్నాడు. వదిన మీద అనుమానమా అనుకున్నాను. అది కూడా కాదు. ఒక మాట మొదలుపెట్టి ఇంకో మాటలో తేలుతున్నాడు. "ఉలి యాడ పెట్టినావ్" అని అడిగితే, "ఉలికి నిద్ర, నాకు నిద్ర, కొండకు ఎవురు చెప్పల్ల" అన్నాడు. వారం రోజులుగా కంటి మీద కునుకు లేదు. స్నానం లేదు. మొన్నటి దాకా మీసానికి నూనె పూసుకుని తిరిగినవాడు.

జనవరి 17

ఇది రాయాలా వద్దా అని మూడు రోజులు తన్నుకున్నాను. రాస్తున్నాను.

తప్పు నాది.

పోయిన ఏడు ఎండాకాలంలో బండి ఆత్మకూరు అవతలి పల్లెవాళ్లు ఆంజనేయస్వామి కావాలని వచ్చారు. నిలువెత్తు విగ్రహం. బండ దొరికింది. దాన్ని తట్టి చూడాల్సింది మోనప్ప. నేనే చూస్తానని పట్టుబట్టాను. అన్ని చోట్లా గంటలా మోగింది. ఛాతీ వచ్చే చోట మాత్రం నాదం మందంగా పలికింది. ఎండకు చెవులు గుయ్యిమంటున్నాయిలే అనుకున్నాను. బాగుందన్నాను. మోనప్ప చెక్కాడు. దసరాకు ప్రతిష్ఠ చేశారు. దీపావళికి వాడికి ఇది మొదలైంది.

కొన్ని రాళ్లకు గర్భం ఉంటుందని మా పెద్దలు చెప్పేవాళ్లు. లోపల చిన్న తొర్ర, తొర్రలో నీళ్లు, ఆ నీళ్లలో కప్ప. అలాంటి రాతిని దేవుడిగా చెక్కితే చెక్కినవాడికి కీడు.

ఆ స్వామి ఛాతీలో కప్ప ఉంది. అది ఉన్నన్నాళ్లూ మోనప్పకు ఇంతే. విగ్రహం పగలగొట్టి దాన్ని బయటికి తీయాలి. ఇంకో దారి లేదు.

ఎవరికీ చెప్పలేదు.

జనవరి 21. నంద్యాల.

పొద్దున ఎనిమిదింటికి మోనప్ప సన్నఉలి కొన చెవిలో పెట్టుకుని రెండో చేత్తో సుత్తి ఎత్తాడు. "లోపల కూర్చున్నోన్ని తీస్తాండా" అన్నాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను కాబట్టి చేయి పట్టుకోగలిగాను. వాడి కళ్లలో నేను లేను. నలుగురం పట్టుకుంటే గానీ లొంగలేదు.

బండలు లాగే మోకుతో కట్టాను. ముడి నేనే వేశాను. ఇరవై ఏళ్లు రాళ్లకు వేసిన ముడి, తమ్ముడి చేతులకు వేశాను.

"మనుషులు కూకునే బస్సప్పా ఇది" అన్నాడు కండక్టరు. చేతులు జోడించాను. దారి పొడవునా బస్సంతా వెనక్కి తిరిగి మమ్మల్నే చూసింది. మోనప్ప వాళ్లను చూసి నవ్వుతూనే ఉన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇక్కడ రైల్వే స్టేషన్ దగ్గర డాక్టరు జయరాజు అని ఉన్నాడు. మద్రాసులో మనసు జబ్బుల ఆసుపత్రిలో ఎనిమిదేళ్లు పనిచేసి సొంత ఊరు వచ్చి నాలుగు మంచాలు వేసుకున్నాడు. మోకు విప్పమన్నాడు. నేను భయపడ్డాను. ఆయన భయపడలేదు.

"ఇప్పుడు కూడా మాట్లాడతాండాయా?" అని మోనప్పను అడిగాడు.

"నీ బల్ల కింద బండ మాట్లాడతాంది."

"ఏమంటాది?"

"నువ్వు కూడా దొంగవేనంటాది."

డాక్టరు దాన్ని శ్రద్ధగా రాసుకున్నాడు. తర్వాత నన్ను బయటికి పిలిచాడు. "ఆచారీ, పిచ్చి అనే మాట పక్కన పెట్టు. లేనివి వినపడతాండాయి, నిద్ర పోయింది, తిండి పోయింది, మాటకూ మాటకూ అతుకు లేదు. ఒక్కటి కాదు, మనిషి మొత్తంగా పట్టు తప్పినాడు. మతి చెదిరింది అంటాం. కొత్త మాత్రలు వచ్చినాయి, మద్రాసు నుంచి తెప్పిస్తా. ఆరు వారాలు నా దగ్గర ఉండనీ."

ఆరు వారాలు. కప్ప అంతవరకు ఊరుకుంటుందా.

ఫిబ్రవరి 3

ఈ రోజు డాక్టరుకు చెప్పేశాను. కప్ప సంగతి. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"మీ శిల్పులంతా నమ్ముతారా ఇది?" అన్నాడు.

"అందరమూ నమ్ముతాం."

"అట్లయితే అది జబ్బు కాదప్పా. మీ కులపెద్దలు చెప్పుకునే మాట. మా ఇంట్లో కూడా అట్లాంటివి పది ఉండాయి."

అదీ మాట. చదువుకున్న డాక్టరే జబ్బు కాదన్నాడు. తిరుగు బస్సులో నెల తర్వాత మొదటిసారి కడుపునిండా అరటిపళ్లు తిన్నాను.

ఫిబ్రవరి 16

మోనప్పను చూడటానికి వెళ్లి, అటు నుంచి అటే బండి ఆత్మకూరు బస్సెక్కి ఆ పల్లెకు పోయాను. స్వామి చల్లగా నిలబడ్డాడు. మోనప్ప చేతి పని. తోక చుట్టు చూస్తే నాకే కడుపు మండింది, నేను అలా తిప్పలేను.

ఛాతీ మీద చెమ్మ ఉంది. సరిగ్గా అక్కడే. వేలితో తుడిచి చూశాను.

"ఇప్పుడే అభిషేకం అయింది ఆచారీ" అన్నాడు పూజారి. అభిషేకమైతే నెత్తి మీద కూడా ఉండాలిగా. నెత్తి మీద కూడా ఉంది, కానీ ఛాతీ మీద ఎక్కువ ఉంది.

వేలి ఉంగరంతో మెల్లగా తట్టబోయాను. "ప్రతిష్ఠ అయిన దేవున్ని తట్టగూడదని నీకు నేను చెప్పల్లనా" అన్నాడు. దండం పెట్టి వచ్చేశాను. గర్భగుడి తలుపుకు తాళం లేదు, గొళ్లెమే. మధ్యాహ్నం పూజారి చేలోకి పోతాడు.

ఫిబ్రవరి 27

మోనప్ప అన్నం అడిగి తిన్నాడు. నన్ను చూసి, "వదినకు మోకాలి నొప్పి ఎట్లుండాది" అన్నాడు. నేను బయటికి వచ్చి వరండా స్తంభం పట్టుకుని ఏడ్చాను.

రాళ్ల మాటలు దూరంగా, పక్క వీధిలో ఎవరో మాట్లాడుకుంటున్నట్లు ఉన్నాయట.

మార్చి 6

మోనప్పకు నయమైంది. రాళ్లు వారం రోజులుగా నోరు మూసుకున్నాయి. రేపు ఇంటికి తీసుకుపోవచ్చు. ఇది ముందు రాయాలి. ఎందుకంటే తర్వాత జరిగినదానికి నాకు ఒళ్లు మండిపోతోంది.

డాక్టరు కాఫీ తెప్పించి మామూలుగా అడిగాడు. "ఆచారీ, విగ్రహం పగలగొట్టకుండానే మీ తమ్మునికి బాగైంది కదా. ఇప్పుడు కప్ప సంగతి ఏమంటావ్?"

"ఊరుకుంది. కాచుకోని ఉండాది" అన్నాను.

"బాగుకాకుంటే ఏమనేటోనివి?"

"కప్ప వల్లనే అని."

"అంటే బాగైనా కప్పే, కాకున్నా కప్పే."

"ఉన్నది ఉన్నట్టు చెప్తాండా."

ఆయన కలం కింద పెట్టాడు. "ఆ పొద్దు నేను తొందరపడినా. కప్పరాళ్లు ఉంటాయనేది మీ కులం మాట. ఆ విగ్రహంలో ఉండాది, తమ్ముని జబ్బు దాని వల్లే, ఏం జరిగినా అది మారదు అనేది మీ కులం మాట కాదు. అది నీ ఒక్కనిది. నమ్మకపోతే మీ పెద్దోళ్లను అడుగు."

"నాకు పిచ్చంటావా?"

"మీ తమ్మునికి ఇల్లంతా కూలింది, మళ్లా కట్టుకున్నాడు. నీ ఇల్లు నిలబడే ఉండాది. ఒక్క గది తలుపే లోపలి నుంచి గడియ పడింది. దీన్ని భ్రమ అంటాం. భ్రమ ఉన్నోళ్లందరికీ మతి చెదరదు, లెక్కలు కట్టుకుంటారు, పెండ్లిండ్లు చేస్తారు, చక్కగా పని చేసుకుంటారు. మతి చెదిరినోళ్లలో భ్రమలు కూడా ఉంటాయి. నీకు అదొక్కటే ఉండాది. అదొక్కటే కాబట్టి తీయడం కష్టం."

కాఫీ తాగకుండా లేచి వచ్చాను. నాలుగు మంచాల డాక్టరు. మంచాలు నిండడానికి మనుషులు కావాలి కాబోలు.

మార్చి 9. ఆళ్లగడ్డ.

కాళప్ప మామను అడిగాను, డాక్టరు నోరు మూయించడానికి. మామ పొగాకు నమలడం ఆపాడు. "ఆ రాయి నేనూ తట్టినానురా నాగలింగా, నీ ఎనకాలే. గంట మాదిరి మోగింది. ఛాతీ కాడ కూడా. కప్ప లేదు, గిప్ప లేదు, పోయి పని చూసుకో."

మామకు చెవుడు వచ్చింది. డెబ్బై దాటినవాడికి రాదా మరి.

మార్చి 10

రాత్రి బాగా నిద్ర పట్టింది. నాకు నిద్ర పడుతుంది. అన్నం తింటాను. స్నానం చేస్తాను. ఇవాళ రెండు నందుల కాళ్లు పూర్తి చేశాను, వెంట్రుకవాసి తేడా లేదు. నాకేమిటి జబ్బు.

మార్చి 14

మోనప్ప చేతులు వణుకుతున్నాయి, మాత్రల వల్ల. నోరు ఎండిపోతుందని చెంబు పక్కనే పెట్టుకుంటున్నాడు. ఉలి పట్టలేడు, నునుపు పని చేస్తున్నాడు. రాయిని తట్టడు. తట్టాల్సి వస్తే పక్కకు జరిగి నన్ను చూస్తాడు. నేనే తట్టి పెడతాను.

సాయంత్రం ఈ పుస్తకం వాడి చేతిలో ఉంది. లాక్కుందామని లేచాను. కానీ వాడు ముందు వైపే తెరిచాడు, ఏదో కొలత కోసం.

"అన్నా, ఇది నీ రాతే కదా?"

పోయిన ఏడు మే నెల పేజీ. ఆంజనేయస్వామి. ఎత్తు, వెడల్పు, కింద నా చేతిరాతతో ఒక ముక్క: నాదం అన్ని చోట్లా గంట మాదిరి, ఛాతీ దగ్గర మరీ బాగుంది, దోషం లేదు.

"ఆ పొద్దు తప్పు రాసినా" అన్నాను.

"నువ్వు తప్పు రాస్తావా అన్నా" అన్నాడు మోనప్ప. ఎగతాళిగా కాదు. నిజంగానే అడిగాడు. అంటే వాడికి కప్ప సంగతి తెలుసు. డాక్టరు చెప్పాడో, సుగుణమ్మ నా మాటలు పట్టిందో.

తప్పే రాశాను. అంతే అయ్యుంటుంది.

మార్చి 21

స్వామిని చెక్కిన బండలో మిగిలిన సగం మా పెరట్లో బట్టలుతికే రాయిగా ఉంది. నాలుగు రోజులుగా మోనప్ప దాన్ని చీల్చడానికి ఇనుప చీలలు దిగే గుంతలు కొడుతున్నాడు. వణికే చేతులతో. ఒక దెబ్బ ఉలి మీద పడితే రెండో దెబ్బ వేలి మీద. వద్దన్నా వినలేదు. ఈ రోజు పదింటికి పగిలింది.

లోపల శుభ్రంగా ఉంది. నల్లగా, ఒకే రంగు, వెంట్రుకంత గీటు కూడా లేదు. మోనప్ప దాని మీద చేయి రాసి నా వైపు చూశాడు. చెమటతో చొక్కా అంటుకుపోయింది. "చూడన్నా" అన్నాడు.

చూశాను. ఈ సగంలో లేదు. అంటే ఆ సగంలోనే ఉంది.

ఆ మాట పైకే అన్నట్టున్నాను. మోనప్ప సుత్తి కింద పెట్టి వెళ్లి గోడకు ఆనుకున్నాడు. సుగుణమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఇంగ బట్టలు యాడ ఉతకల్ల" అంది, ఏడుస్తూ. బట్టల రాయి కోసం ఎవరైనా ఏడుస్తారా.

మార్చి 26

సుగుణమ్మ నా సంచిలో సుత్తి చూసింది. కాళ్ల దగ్గర కూర్చుంది.

"దేవుని మీద సుత్తి ఎత్తితే ఆ ఊరోళ్లు నిన్ను బతకనిస్తారా? బతికి వచ్చినావే అనుకో. రేపటి నుంచి నీ చేతి దేవున్ని ఎవురు గుళ్లో పెట్టుకుంటారు? మోనప్పకు నువ్వు తప్ప ఎవురుండారు? మాత్ర నువ్విస్తేనే మింగుతాడు."

అన్నీ నిజమే. ఒక్కటి కూడా కాదనలేను. ఆమెకు అర్థం కానిది ఒకటే. నేను పోయేది వాడి కోసమే.

మార్చి 28, గురువారం

శనివారం.

మార్చి 29

రేపు మధ్యాహ్నం పన్నెండు తర్వాత పోవాలి. గొళ్లెమే.

మార్చి 30, శనివారం. నంద్యాల.

డాక్టరు వరండాలో కూర్చుని రాస్తున్నాను. లోపల ఎవరో ఆడమనిషి గొంతు, తర్వాత మా వంతు.

పొద్దున ఆళ్లగడ్డ బస్సు దిగి బండి ఆత్మకూరు బస్సు కోసం నిలబడ్డాను. సంచిలో సుత్తి, రెండు ఉలులు, పైన అరటిపళ్లు. నేను దిగిన బస్సు వెనుక తలుపు నుంచి మోనప్ప కూడా దిగాడు. నన్ను పిలవలేదు. వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

"బరువుంటే ఇట్లియ్యన్నా."

"అరటిపండ్లురా."

"సుత్తి గూట్లో లేదు."

సంచి నా వైపు లాక్కున్నాను. వాడు చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు, వణుకు కనపడకుండా.

"అన్నా, నాకు రాళ్ల మాటలు వినపడినాయి. నీ మాట ఇప్పుడు ఎట్ల ఇంటాండానో అంత బాగా ఇన్యా. పేరు పెట్టి పిలిచినాయి. అవి లేవంటే మొదట నమ్మల్యా, ఇప్పుడు నమ్మినా. నువ్వు ఆ కప్ప అరుపు ఎప్పుడన్నా ఇన్యావా?"

"లేదు."

"చూసినావా?"

"లేదు."

"మరి?"

"ఉందిరా."

చేతికి ఐదు వేళ్లున్నాయని ఎలా తెలుసో అలాగే తెలుసు. మోనప్ప నవ్వలేదు, వాదించలేదు. "సరే, ఉంటే ఉండనీ. దాన్ని కూడా పిల్చుకోని డాక్టరు దగ్గరికి రా" అన్నాడు.

"నాకేమైందిరా? తింటాండా, పండుకుంటాండా, పని చేస్తాండా."

"అదే కదన్నా. నన్ను మోకేసి కట్టి ఈ బస్సులోనే తెచ్చినావ్. ఊరంతా చూసింది. నీకు మోకుతో పని లేదు. అందుకే నీది ఎవురికీ కనపడల్యా."

బండి ఆత్మకూరు బస్సు వచ్చి మా ముందు ఆగింది. లేచి నిలబడ్డాను. మోనప్ప లేవలేదు, నన్ను పట్టుకోలేదు. పట్టుకుని ఉంటే విదిలించుకుని ఎక్కేసేవాణ్ణి. వాడు నేల వైపు చూస్తూ ఒక మాట అన్నాడు.

"నాయన నా చెవి మంచిదన్నాడు. నాయనకు తెలియదు. ఆ పొద్దు ఆ రాయి నువ్వు సరిగ్గానే ఇన్యావన్నా. నీ చెవి మంచిదే."

ముప్పై ఏడేళ్ల మనిషిని, నంద్యాల బస్టాండులో, జనం మధ్య ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో ఇప్పటికీ తెలియడం లేదు. నా చెవి మంచిదైతే కప్ప లేదు. కప్ప లేకపోతే మోనప్పకు ఎందుకు వచ్చింది? ఎవరి తప్పూ లేకుండా తమ్ముడికి అట్లా అవుతుందా? ఆ ఉలి, ఆ చెవి, నేను రెండడుగుల దూరంలో లేకపోతే? ఎవరి తప్పూ లేదంటే నేను దేన్ని పగలగొట్టాలి?

బస్సు పోయింది. నేను ఎక్కలేదు.

సంచిలో అరటిపళ్లు చెరొకటి తిన్నాం. ఇద్దరం నడుచుకుంటూ వచ్చాం. దారిలో వాడు నా చేయి పట్టుకోలేదు, నేనే వాడి చేయి పట్టుకున్నాను. వణుకుతూనే ఉంది.

డాక్టరు పిలుస్తున్నాడు. ఇంతటితో ఆపుతున్నాను. ఆ రాతిలో కప్ప ఉందనే ఇప్పటికీ నా నమ్మకం. సుత్తి మాత్రం మోనప్ప ఒళ్లో ఉంది.